తెల్లవారినా తగ్గని ఉబ్బు

చక్రపురం ఆసుపత్రి దినచర్య, 41వ సంవత్సరం

87వ రోజు

ఈ పుస్తకంలో రోజుకి పది వరసలు మించి రాయకూడదని నియమం. పెట్టింది నేనే, ఇరవై రెండేళ్ళ కిందట, కొత్తగా వచ్చిన హుషారులో. మీరుతున్నదీ నేనే. ఊళ్ళో సర్జన్‌ని నేనొక్కదాన్నే కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

ఇవాళ రెండు పళ్ళు పీకాను. ఒక మణికట్టు సరిచేశాను. పైపుల మధ్య తల ఇరికించుకున్న వెల్డరుకి నాలుగు కుట్లు వేసి, నాలుగు చీవాట్లు పెట్టాను.

నిన్నటి అంతరిక్ష ఓడలో దిగిన కొత్తవాళ్ళు ముగ్గురు సాయంత్రం పెద్ద వీధిలోకి వచ్చారు. ఊరంతా వరసగా వెల్లకిలా పడుకుని, గోడకి కాళ్ళు ఎత్తి పెట్టుకుని కబుర్లు చెప్పుకోవడం చూసి వాళ్ళకి నవ్వు ఆగలేదు.

"నవ్వండి, నవ్వండి. వారం తిరక్కుండా మీరూ ఈ వరసలోకే వత్తారు," అన్నాడు సత్తిరాజు పడుకునే. "పగలల్లా పైన ఇరుసులో బరువు లేకుండా తేల్తాం కదండీ. సాయంత్రం ఈ అంచుకి దిగేసరికి ఒంటికి బరువొచ్చేత్తాది. కాళ్ళల్లో నరాలు వదులైపోయి ఉంటాయి. రగతం జారి కాళ్ళు ఉబ్బిపోతాయి. గంటసేపిలా పెట్టుకుంటే తెల్లారేసరికి సన్నబడతాయి. ఇంతే యవ్వారం."

సత్తిరాజు మా నీళ్ళ గొట్టాల మనిషి. నలభై ఆరేళ్ళవాడు. ఆకాశంలో గిర్రున తిరిగే ఈ చక్రపు ఊళ్ళో ఏ గొట్టం ఎక్కడ వంపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. అతను కొత్తవాళ్ళకి ఇదంతా విడమరిచి చెబుతుండగానే కొలత టేపు వరస వెంట చేతులు మారుతూ వచ్చింది. ఎవరి పిక్క ఎక్కువ లావు తేలితే ఆ రోజు మొదటి టీ వాళ్ళకి. ఉబ్బు ఎక్కువైతే కష్టం ఎక్కువ పడ్డట్టు లెక్క. ఊరు పుట్టినప్పటినుంచీ ఉన్న మర్యాద ఇది. టీ పోసి ఇచ్చే పని డాక్టరుది.

నలభై రెండు సెంటీమీటర్లు. వరసగా పంతొమ్మిదో రోజు మొదటి టీ సత్తిరాజుకే వెళ్ళింది. గ్లాసు అందుకుంటూ, "డాట్రుగారూ, ఈ మజ్జ కుడి డొక్కలో పట్టేసినట్టుగా ఉంటందండి," అన్నాడు. రేపు పని దిగాక రమ్మన్నాను.

88వ రోజు

సాయంత్రం పని దిగి వచ్చాడు. మా ఊళ్ళో పొద్దున్నే ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఉండరు. తెల్లవారగానే అందరూ ఇరుసుకి ఎక్కేస్తారు.

స్కాను పెట్టి చూశాను. కాళ్ళనుంచి, మూత్రపిండాలనుంచి రక్తాన్ని గుండెకి మోసుకుపోయే పెద్ద సిరలో, కాలేయానికి కాస్త కింద, ఏదో అడ్డంగా ఉంది. రక్తం దాని పక్కనుంచి సన్నగా పోతోంది.

బొమ్మలు చదివి చెప్పే యంత్రాన్ని మేము మాష్టారు అంటాం. ఎప్పుడూ తెలియదనే మాట అనదు కాబట్టి ఆ పేరు వచ్చింది. "సిరలో గడ్డకట్టిన రక్తం. తొంభై ఎనిమిది పాళ్ళు నమ్మకం," అంది. నేనూ అదే అనుకున్నాను. బరువులోకీ తేలికలోకీ రోజూ ఎక్కి దిగే మనుషులం. మా సిరల్లో రక్తం గడ్డకట్టినంత సులువుగా ఎక్కడా కట్టదు. నలభై ఏళ్ళలో ఈ ఊళ్ళో రెండువందల పన్నెండు మందికి సిరలు మూసుకున్నాయి. రెండువందల పన్నెండూ గడ్డకట్టిన రక్తమే.

రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. అతనికి సూదంటే భయం. నాలుగంగుళాల గొట్టం పగిలి మొహం మీద చిమ్మినా చలించని మనిషి, గుండుసూది అంత సూదికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నవ్వుకున్నానుగాని పైకి కనపడనివ్వలేదు.

101వ రోజు

పదమూడు ఇంజెక్షన్లు అయ్యాయి. తగ్గలేదు. గడ్డ పాతదై ఉంటుంది, కరగడానికి టైం పడుతుందని చెప్పాను.

సాయంత్రం నలభై నాలుగు సెంటీమీటర్లు. మొదటి టీ పోశాను. "మీ ఆయన మాకెవరికీ టీ దక్కనివ్వట్లేదమ్మా," అని అతని భార్య మంగతాయారుని పక్కవాళ్ళు ఆటపట్టించారు. ఆవిడ నవ్వలేదు. ఏదో చిరాకులో ఉందనుకున్నాను.

నా టీ మాత్రం ఇవాళ బాగా కుదిరింది. అల్లం మొక్కలు కొత్తగా కాపుకొచ్చాయి.

116వ రోజు

పొద్దున్నే మంగతాయారు ఆసుపత్రికి వచ్చింది. నడిమి వీధిలో, అంటే అంచుకీ ఇరుసుకీ సరిగ్గా మధ్యన, వడియాలు ఎండబెట్టే గది ఆవిడదే. చేతులకి పిండి అలాగే ఉంది.

"ఆయన ఉబ్బు గురించి మాటాడదావని వచ్చానండి."

"సాయంత్రం నేనూ చూస్తున్నానుగా తాయారూ. కాస్త ఓపిక పట్టు."

"సాయంత్రం ఉబ్బు అందరికీ ఉంటాదండి. ఆయనకి తెల్లారి కూడా ఉంటంది."

నేను రాస్తున్న కలం కింద పెట్టాను.

"రోజూ ఆయన్ని కాలి చీలమండ పట్టుకుని లేపుతానండి," అంది ఆవిడ. "పేరు పెట్టి పిలిత్తే లేవడు. ఇరవయ్యేళ్ళనుంచీ అదే అలవాటు. నా బొటనేలూ నడిమేలూ ఆ చీలమండ చుట్టూ తిరిగొచ్చి కలుసుకునేయి. నాలుగు నెలలయ్యింది, కలవట్లేదు. ఇప్పుడు మజ్జలో రెండు వేళ్ళ సందుంటంది. పొట్ట మీద కూడా ఆకుపచ్చగా నరాలు తేల్తన్నాయండి, తీగలు పాకినట్టు."

"నాలుగు నెలలనుంచా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరడిగారండి? మీరు టేపు పెట్టేది సాయంత్రవే కదా. మొదటి టీ తెచ్చుకునే మొగుణ్ణి పట్టుకుని జబ్బు మనిషని నేనెలాగంటాను? ఓర్చుకోలేక అంటందంటారు."

ఆవిడ కోపంగా అనలేదు. ఉన్నమాట అంది. నాకు తల తీసేసినట్టయింది.

వెంటనే ఇరుసుకి కబురుపెట్టి సత్తిరాజుని దింపించాను. చొక్కా ఎత్తి చూశాను. ఆవిడ చెప్పినట్టే ఉంది. అసలు దారి మూసుకుపోతే రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. ఆ పక్కదారులే చర్మం కింద పైకి తేలాయి. అవి అంత లావు కావాలంటే నెలలు పడుతుంది.

ఈ తప్పు నాది. నాలుగు నెలలుగా ఆ ఉబ్బుని రోజూ నా కళ్ళతో చూస్తూ, నెలన్నరగా నా చేత్తో టీ పోసి సన్మానం కూడా చేశాను. ఊరంతా ఉబ్బే కాళ్ళ మధ్య కూర్చుని, తగ్గాల్సిన వేళకి తగ్గిందా లేదా అని ఒక్కసారి కూడా చూడలేదు.

117వ రోజు

రంగు మందు ఎక్కించి మళ్ళీ స్కాను చేశాను. ఆ మందు సీసాలు మూడే ఉన్నాయి, ఇంకో ఓడ వచ్చేదాకా అవే దిక్కు. మొదటిసారి దాన్ని దాచుకున్నది అందుకే. మాష్టారు అంత గట్టిగా చెప్పాక సీసా ఎందుకు ఖర్చు చేయాలనుకున్నాను.

గడ్డకట్టిన రక్తానికి ప్రాణం ఉండదు. దానిలోకి రక్తం పోదు, రంగు మందూ పోదు, నల్లగానే ఉండిపోతుంది. సత్తిరాజు సిరలో ఉన్నది మెల్లగా తెల్లబడింది. దానికి సొంతంగా రక్తనాళాలు ఉన్నాయి. అది పెరుగుతోంది.

మాష్టారు రెండో బొమ్మ చూసి కూడా గడ్డే అంది. దాన్ని తిట్టి లాభం లేదు. దానికి పాఠాలు చెప్పింది మా రెండువందల పన్నెండు మందే.

ఊపిరితిత్తులూ కాలేయమూ వెతికాను. ఎక్కడికీ పాకలేదు. ఇవాళ్టికి సంతోషించడానికి అదొక్కటే ఉంది, అందుకని దాన్నే పట్టుకుని సంతోషించాను.

124వ రోజు

మూడు రోజుల కిందట మెడ దగ్గర సిరలోంచి సన్నటి తీగ దింపి, గుండె దాటించి, ఆ అడ్డం ఉన్నదాన్ని చిన్న ముక్క కొరికి తెచ్చాను. పలచని పొరలు కోసి, రంగులద్ది, బొమ్మలు చంద్రుడి మీద పెద్దాసుపత్రికి పంపాను. అక్కడ సిరల సర్జన్ డాక్టర్ ఇందుమతి ఉంది. మాట వెళ్ళి తిరిగి రావడానికి గంటన్నర పడుతుంది.

ఇవాళ జవాబు వచ్చింది. కణితి. సిర గోడలో ఉండే కండలోంచే పుట్టిన కేన్సర్. ఇన్ని తరాల వైద్యంలోనూ రాసిపెట్టిన కేసులు కొన్ని వందలు మించవు. ఇందుమతి తన జీవితంలో రెండు చూసిందట. కోసి పూర్తిగా తీసెయ్యడం ఒక్కటే మందు. తియ్యకపోతే అది పైకి కాలేయం సిరల దాకా పాకుతుంది, ఆ తరవాత ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు నా తప్పు చెప్పాను, తరవాత జబ్బు చెప్పాను. సత్తిరాజు చాలాసేపు ఆ బొమ్మకేసి చూశాడు.

"గొట్టం లోపల పట్టిన పాచి కాదన్నమాట. గొట్టం గోడే పెరిగిపోతందా?"

"అవును."

"అయితే తోమితే పోదండి. ఆ ముక్క కోసి తీసెయ్యాలి."

"తియ్యాలి."

"పక్కలైన్లు ఎలాగూ తెరుసుకున్నాయి కదండీ. ఆటితో నడిపేత్తే?"

ఇందుమతికి నేను రాసిన ప్రశ్నా సరిగ్గా అదే. కొంతమందికి అలా వదిలేస్తారట. కాని సత్తిరాజు కణితి ఉన్నది మూత్రపిండాల సిరలు వచ్చి కలిసే చోట. ఎడమదానికి పక్కదారులు ఉంటాయి. కుడిదానికి ఉండవు. కొత్త గొట్టం వేసి దాన్ని కలపకపోతే కుడి మూత్రపిండం పోతుంది. పైగా రోజూ బరువులోకి దిగే మనిషికి కాళ్ళ ఉబ్బు జన్మలో తగ్గదు.

"అయితే కొత్త ముక్క ఎయ్యండి," అన్నాడు. "అతుకులు మాత్రం జాగర్త."

మంగతాయారు లేచేటప్పుడు అడిగింది. "మీరు ఇంతకు ముందెప్పుడైనా ఇది చేశారాండి?"

"లేదమ్మా."

"చేసినోళ్ళు ఎవరైనా వత్తారా?"

"రావడానికి పద్నాలుగు నెలలు. అతనికి అంత వ్యవధి లేదు."

ఆవిడ నా చేతులకేసి చూసింది. తరవాత తలూపింది.

127వ రోజు

గొట్టం దేనితో చెయ్యాలి? మా సామాన్ల గదిలో అంత లావు సిరకి సరిపోయేది ఏదీ లేదు. ఇందుమతే దారి చూపించింది. పొట్ట గోడకి లోపలివైపు పలచటి గట్టి పొర ఒకటి ఉంటుంది. అతని పొరే ఒక ముక్క కోసి, చుట్టి, అంచులు కలిపి కుట్టి గొట్టం చెయ్యమంది. అతని ఒంటిదే కాబట్టి ఒళ్ళు కాదనదు.

మా మత్తు డాక్టర్ జిలానీకి వేరే దిగులు పట్టుకుంది. కోసేటప్పుడు పెద్ద సిరని పైనా కిందా బిగించి పట్టాలి. అప్పుడు కాళ్ళలో రక్తం కాళ్ళలోనే ఆగిపోతుంది, గుండెకి చేరేది తగ్గిపోతుంది.

"మన థియేటర్ ఉన్నది అంచులో కదా మేడమ్. ఇక్కడ నిండు బరువు. మనవాళ్ళ కాళ్ళ సిరలేమో సంచుల్లాంటివి. బిగించారంటే బీపీ దబ్బున పడిపోద్ది."

"అయితే ఇరుసులో చేద్దామా?"

"అక్కడ రక్తం గాల్లో తేలద్ది. మీకు ఏం కనపడదు. నడిమి వీధైతే సగం బరువేగా. రక్తం కాళ్ళలోకి జారదు, పైకీ తేలదు."

మనిషి తక్కువ మాట్లాడతాడుగాని మాట్లాడితే పనికొచ్చేదే మాట్లాడతాడు. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఏ ఆపరేషనూ అంచు దాటి జరగలేదు. దానికి కారణం ఏమిటని వెతికితే, మొదటి డాక్టరుగారి ఇల్లు అంచులో ఉండడం తప్ప ఇంకేమీ కనపడలేదు.

నడిమి వీధిలో పెద్దదీ, మూసి ఉండేదీ, వెలుతురు బాగా ఉండేదీ ఒక్కటే గది ఉంది. కప్పు నిండా దీపాలు. గుమ్మడి వడియాలు ఒక్కరోజులో ఎండిపోయేంత దీపాలు.

"తీసుకోండి," అంది మంగతాయారు. "కడగడం మాత్రం నేనే కడుగుతాను."

132వ రోజు

మూడుసార్లు కడిగారు. మందుపొగ పెట్టారు. నర్సు సువార్త ప్రతి మూలా దూదితో తుడిచి పరీక్షకి పెట్టింది. ఏమీ మొలవలేదు. ఇంగువ వాసన మాత్రం పోలేదు. ఇంగువకి క్రిములు లేవు కదా, ఉండనీ అన్నాను.

ఐదు రోజులుగా కుట్టు సాధన చేస్తున్నాను. మేక పొట్ట పొరని పెద్ద సిరంజి మీద చుట్టి కుట్టి, నీళ్ళు పోసి చూస్తాను. మొదటి రోజు జల్లెడలా కారింది. వార్డులో చేర్చుకున్న సత్తిరాజు మంచం మీదనుంచే చూసి, "కుట్టు కుట్టుకీ మజ్జ దూరం సమానంగా లేదండి. అక్కడ కారతంది," అన్నాడు. నా రోగి నా పని తనిఖీ చేయడం ఇదే మొదలు. ఒళ్ళు మండింది. చూస్తే అతను చెప్పిన చోటే కారుతోంది.

ఇవాళ పదకొండో గొట్టం. చుక్క కారలేదు. అతనికి చూపించాను. వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి, "ఆయ్, ఇది పాసు," అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో పరీక్ష పాసై ఇంత సంబరపడతానని అనుకోలేదు.

134వ రోజు

పొద్దున్న ఎనిమిదికి మొదలుపెట్టాం. ఇప్పుడు సాయంత్రం ఐదయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొట్ట తెరిచి, పేగుల్ని పక్కకి జరిపి, కాలేయం అంచు ఎత్తేసరికి పెద్ద సిర కనిపించింది. కణితి దోసపిందె అంత ఉంది, గట్టిగా, లేత పసుపులో. చుట్టుపక్కల దేన్నీ అంటుకోలేదు. వెనకవైపు వెన్ను దగ్గర మాత్రం కాస్త అతుక్కున్నట్టుంది. ముందుగా అతని పొట్ట గోడనుంచి పొర తీసి గొట్టం కుట్టుకుని పక్కన పెట్టాను.

ఊరికే చూద్దామని సిరని ఒకసారి బిగించాం. జిలానీ అంకెలు చదివాడు. నూటపద్దెనిమిది, నూటనాలుగు, తొంభై ఆరు. అక్కడ నిలబడింది. అంచులో అయితే అరవైకి పడేదని నా నమ్మకం. జిలానీ మాత్రం గొప్ప చెప్పుకోలేదు, ముసుగు పైన కళ్ళే నవ్వాయి.

తరవాత అసలు బిగింపు. కుడి మూత్రపిండానికి రక్తం ఆగితే నలభై నిమిషాలకి మించి ఓర్చుకోదు. సువార్త గడియారం పెట్టింది. కణితికి పైనా కిందా మంచి సిర కొంత కలిపి కోసేశాను. వెనకవైపు అతుక్కున్న చోట వెన్ను మీది పొర కూడా కలిపి చెక్కాను. పిందె పళ్ళెంలో పడింది.

గొట్టం పై చివర అతికేసరికి పదిహేడు నిమిషాలు. కింది చివరకి ఇరవై తొమ్మిది. గొట్టానికి పక్కన చిన్న చిల్లు కోసి కుడి మూత్రపిండం సిరని దానికి కుట్టాను. ముప్పై ఎనిమిది. బిగింపులు వదిలాను.

మూత్రపిండం గులాబీ రంగుకి తిరిగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలోనే గొట్టం వెనకనుంచి రక్తం ఉబికింది. సగం బరువులో రక్తం గబగబా పారదు, ఉబ్బి అక్కడే నిలబడుతుంది. ఎంత పీల్చినా కారే చోటు కనిపించదు. మళ్ళీ బిగిస్తే మూత్రపిండం పోతుంది. బిగించకపోతే మనిషి పోతాడు.

"డెబ్భై ఎనిమిది మేడమ్," అన్నాడు జిలానీ.

భయపడ్డాను. ఇక్కడ అబద్ధం రాయను. ఇక్కడి ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ లేనంత భయం. ఎడమ చూపుడు వేలు గొట్టం వెనక్కి పోనిచ్చి, కుట్టు వెంట ఒక్కొక్క ముడి తడుముతూ దింపాను. ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య వేలి కొనకి సన్నగా కొట్టింది. దూరం సమానంగా లేని చోటు. వేలు తియ్యకుండానే, కంటితో చూడకుండా, రెండు కుట్లు వేశాను. ఆగింది.

ఎనభై నాలుగు. తొంభై. నూట రెండు.

పొట్ట మూసేసరికి మధ్యాహ్నం మూడు. గది బయట మంగతాయారు నేల మీద కూర్చుని ఉంది. పక్కన ఊరివాళ్ళు ఎవరో పెట్టిన పళ్ళెం అలాగే ఉంది, ముట్టలేదు. "ఉన్నాడమ్మా," అన్నాను. ఇంకా చక్కగా చెప్పాల్సింది. అంతకన్నా మాట రాలేదు.

140వ రోజు

జ్వరం లేదు. మూత్రం బాగా వస్తోంది, రెండు మూత్రపిండాలూ పనిచేస్తున్నాయి. నిన్న నాలుగడుగులు నడిచాడు. ఇవాళ వార్డులో కుళాయి చుక్కలు కారుతోందని ఫిర్యాదు చేశాడు. బాగుపడుతున్నాడని దీనికన్నా రుజువు అక్కర్లేదు.

పొద్దున్నే వార్డుకి వెళ్ళాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళుతున్నాను. ఊరందరికీ కూడా పడక దిగకముందే కొలత అని కొత్త నియమం పెట్టాను. తెల్లవారక ముందే తలుపు కొట్టే డాక్టరంటే ఎవరికీ ప్రేమ ఉండదు. నా వెనక ఏమంటున్నారో నాకు తెలుసు.

మంగతాయారు నాకన్నా ముందే వచ్చి ఉంది. అతను నిద్రపోతున్నాడు. ఆవిడ దుప్పటి పక్కకి తీసి చీలమండ చుట్టూ చెయ్యి వేసింది. బొటనవేలు, నడిమివేలు. కొంచెం బిగించింది. కలిశాయి. చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకుని ఏడ్చింది, శబ్దం రాకుండా, అతను లేవకుండా. నేను గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశాను. నాకూ కళ్ళు తడిశాయి.

149వ రోజు

తీసిన కణితి మీద పూర్తి పరీక్ష అయింది. నేను చూసింది ఇందుమతి కూడా చూసి సరేనంది. పై చివర శుభ్రం. కింది చివర శుభ్రం. వెనకవైపు శుభ్రమేగాని, కణితికీ నా కోతకీ మధ్య మిగిలిన మంచి పొర రెండు మిల్లీమీటర్లే.

ఇద్దర్నీ మళ్ళీ ఆ కుర్చీల్లోనే కూర్చోబెట్టాను. సత్తిరాజు తనంతట తనే నడిచి వచ్చాడు, పొట్ట మీది కట్టు పట్టుకుని. అంకెలన్నీ చెప్పాను.

"మళ్ళీ రాదని చెప్పగలరాండి?" అంది మంగతాయారు.

"చెప్పలేను. ఇది మళ్ళీ వచ్చే రకమే. ఐదేళ్ళు గడిస్తే కొంచెం ధైర్యంగా మాట్లాడతాను. అందాకా మూడు నెలలకోసారి స్కాను, తప్పకుండా. నేను మాట ఇవ్వగలిగింది ఆ మూడు నెలలకే."

ఇలాంటి మాటలు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పాక ఎదుటివాళ్ళ మొహం చూడటం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు. కాయితాలు సర్దుతున్నట్టు నటించాను.

"నేను మాత్రం ఏ అతుకైనా జన్మలో కారదని చెప్పానాండీ?" అన్నాడు సత్తిరాజు. "మళ్ళీ వచ్చి చూత్తానంటాను. వెళ్ళి చూత్తాను. అంతే కదండీ పని."

లోపల ఏదో కూడి తీసివేసుకుంటున్నట్టు మంగతాయారు పెదాలు కదిలాయి.

"మా పెళ్ళినాడు ఆ మూడు నెలలు కూడా ఎవరూ రాసివ్వలేదు కదండి, డాట్రుగారూ," అంది.

ముందు సత్తిరాజు నవ్వాడు, వెంటనే కుట్లు పట్టుకుని అబ్బా అన్నాడు. ఆ తరవాత నేను నవ్వాను. చివరికి ఆవిడ. ఈ గదిలో ఈ కబురు చెప్పి నవ్వడం నా ఉద్యోగంలో మొదటిసారి. హాయిగా ఉంది. ఉన్నందుకు సిగ్గుపడటం లేదు.

ఇరుసుకి మళ్ళీ ఎప్పుడు ఎక్కనిస్తారని అడిగాడు. ఆరు వారాలన్నాను. నాలుగు చాలన్నాడు, అంచునుంచి ఇరుసుకి పోయే చక్రపు ఆకుల్లో మూడోదానిలో గొట్టం ఒకటి తన కోసం ఆగిపోయి ఉందన్నాడు. మంగతాయారు ఎనిమిది అంది. పుస్తకంలో ఎనిమిది రాసి సంతకం పెట్టాను.